హీటర్ వెలగడం లేదు, అక్కా

నవంబరు 10, 2024
తొమ్మిదో నంబరు జాగా, నది పక్క క్యాంప్‌గ్రౌండ్, తూర్పు వాషింగ్టన్

అక్కా,

నమస్కారం. ఫోన్‌లో మాట్లాడుకుంటే మూడో నిమిషంలో ఎవరో ఒకరం ఫోన్ పెట్టేస్తాం కాబట్టి ఇకనుంచి ఉత్తరాలు రాసుకుందామని దీపావళినాడు నువ్వే అన్నావు. ఇదిగో, రాస్తున్నాను. ఎలాగూ ఈ లోయలో సిగ్నల్ లేదు. ఊరు ఇరవై ఆరు మైళ్ళు. ఇక్కడ కాపలా చూసే వాల్ట్ అనే పెద్దాయన రెండు మూడు రోజులకోసారి ఊళ్లోకి వెళ్లి అందరి ఉత్తరాలూ ఇచ్చి, తెస్తాడు.

నా కొత్త ఇల్లు నువ్వు చూడలేదు కదా. రెడ్‌మండ్‌లో ఇల్లు నమ్రతకి వెళ్లింది, నాకు పందొమ్మిదేళ్ల ఈ ఆర్‌వీ మిగిలింది. మంచం, పొయ్యి, సింకు, బల్ల అన్నీ బండిలోనే. మంచం మీదనుంచి చెయ్యి చాపితే పోపుల డబ్బా అందుతుంది. విడాకులయి, ఉద్యోగం పోయిన సాఫ్ట్‌వేర్ వాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పు.

ఒకటే లోటు. హీటర్ వెలగడం లేదు. స్విచ్ వేస్తే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, అంతే. మంట రాదు. రిపేరు చేసే అతను జనవరి దాకా ఖాళీ లేదన్నాడు. కరెంటు హీటర్ పెడితే ఇక్కడి ఫ్యూజు కొట్టేస్తోంది.

డిసెంబరు 21న ఆద్య వస్తుంది అక్కా. నాలుగు రోజులు ఉంటుంది. అది నా దగ్గర పడుకుని పదకొండు నెలలైంది. నమ్రత లాయరు షరతు పెట్టాడు. బండిలో అరవై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలు ఉండాలట, థర్మోస్టాట్ ఫొటో తీసి పంపాలట. లేకపోతే పిల్లని పంపరు. నువ్వు పాతికేళ్లుగా ల్యాబ్‌లో కార్ల హీటర్లు పరీక్ష చేసి చేసి జుట్టు నెరిపించుకున్నావు. తమ్ముడి హీటర్ ఒక్కటి చూసి పెట్టలేవా?

ఇంకో గొడవ. పొగకీ, విషవాయువుకీ కలిపి ఇక్కడ సీలింగుకి గుండ్రటి అలారం ఒకటుంది. ఆవాలు చిటపటమనగానే కేకలు పెడుతుంది. మొన్న వాల్ట్ మంటలార్పే డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నేను చారు పెట్టుకుంటున్నానని ఆయనకి అర్థమయ్యేసరికి చారు మరిగి ఇగిరిపోయింది.

నువ్వు అడిగేలోపే చెప్తున్నా. మందు మానేసి పద్నాలుగు నెలలు.

వణుకుతూ,
నీ తమ్ముడు పతి


నవంబరు 16, 2024
ఫార్మింగ్టన్ హిల్స్

ఒరేయ్ పతీ,

ఆశీస్సులు ఉత్తరం చివర్లో ఇస్తాను, ముందు తిట్లు తిను. చలికాలం ముంచుకొచ్చాక హీటర్ గుర్తొచ్చిందా నీకు? చిన్నప్పుడూ అంతే, వాన మొదలయ్యాక గొడుగు వెతికేవాడివి.

సరే, విను. పొయ్యి మండుతోందంటే గ్యాస్ ఉన్నట్టే. హీటర్‌లో ఫ్యాన్ గాలికి ఒక చిన్న రేకు లేస్తుంది. ఆ రేకు లేస్తేనే అది గ్యాస్ వదులుతుంది. ఫ్యాన్ నీరసంగా ఉంటే రేకు లేవదు. నాకైతే బ్యాటరీ మీదే అనుమానం. మీటరు పెట్టి చూడు. పన్నెండు వోల్టుల కంటే తక్కువుంటే మార్చెయ్.

ఇక అలారం సంగతా? దానికి మందు నా దగ్గరుంది. హోటల్‌కి వెళ్లినప్పుడల్లా బాత్రూంలో పెట్టే, జుట్టు తడవకుండా వేసుకునే ప్లాస్టిక్ షవర్ క్యాప్‌లు నేను వదిలిపెట్టను. పోపు వేసే ముందు ఒకటి తీసి అలారానికి తలకి తొడిగినట్టు తొడిగెయ్యడమే. ఈ ఊళ్లో మనవాళ్ల ఇళ్లన్నిట్లో పోపు ఇలాగే వేస్తారు. ఇంజనీరు చేసే పనేనా ఇది అని మీ బావ ఇరవయ్యేళ్లుగా వెక్కిరిస్తూనే ఉన్నారు, చారు మాత్రం రెండుసార్లు పోసుకుంటారు. పార్సిల్‌లో నీకు రెండు క్యాప్‌లు పెట్టాను. కందిపొడి, చింతకాయ పచ్చడి, ఆద్యకి జంతికలు కూడా ఉన్నాయి. జంతికలు నువ్వు తినకు.

మందు సంగతి నేను అడగలేదు. నువ్వే ఎందుకు చెప్పావో అని రెండుసార్లు చదివాను.

మీ బావ మోకాలు మళ్లీ వాచింది.

నీ అక్క
ప్రసూన


నవంబరు 23, 2024

అక్కా,

పార్సిల్ అందింది. జంతికల డబ్బా మూత విప్పలేదు, ఒట్టు.

బ్యాటరీలో పదకొండు వోల్టులు కూడా లేవు. కొత్తది వేశాను. ఇప్పుడు ఫ్యాన్ హోరుమంటోంది, కొంచెంసేపటికి టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వ చప్పుడు కూడా వస్తోంది. మంట మాత్రం రాదు. అలా మూడుసార్లు ప్రయత్నించి ఊరుకుంటోంది. ఇంటర్వ్యూల్లో నా పరిస్థితి కూడా అంతేలే.

రాత్రి బయట ఇరవై రెండు ఫారెన్‌హీట్‌కి పడింది, సున్నాకి కిందే. నీళ్ల గొట్టం గడ్డకట్టింది. రెండు స్వెట్టర్లు, పైన రజాయి, ఆ పైన కోటు. ఆద్యని ఇందులో ఎలా పడుకోబెడతాను? వారం వారం ఊళ్లోకి వెళ్లి ఫోన్ చేసినప్పుడల్లా అది ఒకటే అడుగుతోంది. "డాడీ, వర్క్ అయిందా హీటర్? నేను రావాలి కదా."

నీ షవర్ క్యాప్ మాత్రం దివ్యంగా పట్టింది. చాలారోజుల తర్వాత ఇంగువ పోపుతో పప్పుచారు తిన్నాను, వాల్ట్ రాలేదు. ప్రతిసారీ స్టూలెక్కి తొడగడం, తియ్యడం ఎందుకని అలాగే ఉంచేశాను.

నువ్వు రెండుసార్లు చదవాల్సిన అవసరం లేదు. నేను తాగడం లేదు. బావ మోకాలికి నువ్వుల నూనె రాయమను.

నీ పతి


నవంబరు 29, 2024

పతీ,

థాంక్స్ గివింగ్ అని నిన్న మా ఇంట్లో పద్దెనిమిది మందికి వండాను. పులిహోరలో ఉప్పు ఎక్కువైందని ఒక్కళ్లూ చెప్పలేదు, ఒక్కళ్లూ రెండోసారి వేసుకోలేదు. క్యాప్ సరిపోయినందుకు సంతోషం.

రవ్వ వస్తోంది, మంట రావడం లేదు అంటే దానికి ఊపిరాడటం లేదన్నమాట. బండి ఎన్నాళ్లు ఖాళీగా పడి ఉందో! బయటివైపు పొగ పోయే గొట్టం చూడు. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకి ఆ గొట్టాలంటే ప్రాణం. గూడు లోపలిదాకా ఉంటే హీటర్ మొత్తాన్ని బయటికి లాగి శుభ్రం చెయ్యాలి. నాలుగు స్క్రూలే, భయపడకు. గ్యాస్ కట్టేసి మరీ చెయ్యి. తిరిగి పెట్టేటప్పుడు పొగగొట్టం దాని మూతిలో పూర్తిగా కూర్చోవాలి. తొందరపడకు.

పిల్ల వచ్చే టైముకి ఇల్లు వెచ్చగా ఉండి తీరుతుంది. నేను చెప్తున్నానుగా.

ప్రసూనక్క


డిసెంబరు 6, 2024

అక్కా! వెలిగింది!

కందిరీగల గూడు ఒకటి కాదు, మూడు. హీటర్ బయటికి లాగి, స్పూను పెట్టి గీకి, మళ్లీ లోపలికి తోశాను. చివర్లో కాస్త మొరాయించింది, కాలితో ఒక్క తన్ను తన్నితే కూర్చుంది. స్విచ్ వేశాను. టిక్ టిక్ టిక్, తర్వాత బుస్సుమని మంట. నిజం చెప్తున్నా, ఏడ్చాను. ఉద్యోగం పోయినరోజు ఏడవలేదు, కోర్టులో ఏడవలేదు.

అరవై ఎనిమిది డిగ్రీలు. ఊరికెళ్లి ఫొటో నమ్రతకి పంపాను. గంటలో జవాబు వచ్చింది, "సరే, 21న ఉదయం నేనే దింపుతాను" అని. నమ్రత నా మాటకి సరే అనడం నాలుగేళ్లలో ఇదే మొదటిసారి.

ఇక వెచ్చదనం బయటికి పోకుండా కిటికీలన్నిటికీ ప్యాకింగ్ బుడగల కాగితం అంటించాను. రాత్రి మొద్దు నిద్ర పోయాను, లేచేసరికి పది. తల కొంచెం దిమ్ముగా ఉంది, హీటర్ పనిలో మెడ పట్టేసినట్టుంది.

నీ రుణం తీర్చుకోలేనే అక్కా.

నీ పతి


డిసెంబరు 9, 2024

అక్కా,

హీటర్ వెలిగిందని రాశానా? రాశాననే అనుకుంటున్నా. వెలిగింది.

ఒంట్లో బాగాలేదు. తలనొప్పి, నిన్న రెండుసార్లు వాంతి. ఏదో ఫ్లూ. బయట వాల్ట్‌తో నది దాకా నడిస్తే తగ్గుతోంది, లోపలికి వచ్చి పడుకోగానే మళ్లీ మొదలు. బయటి చలికీ లోపలి వేడికీ పడటం లేదేమో. మెట్టు దిగుతూ పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆద్యకి పదేళ్లా పదకొండా అని చాలాసేపు ఆలోచించాను, చూశావా నా తెలివి.

జంతికల డబ్బా మూత విప్పలేదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఏమీ అనుకోకు.

పతి


డిసెంబరు 13, 2024

లక్ష్మీపతీ,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి మీ బావకి వినిపించాను, ఇద్దరం సంబరపడ్డాం. రెండోది ఎవరికీ చూపించలేదు.

ఆ చేతిరాత నాకు తెలుసురా. రెండేళ్ల క్రితం అదే రాతతో నాకు పుట్టినరోజు కార్డు పంపావు. పొద్దున పదింటికి లేవడం, వాంతులు, మెట్ల మీద పడటం, కన్నకూతురి వయసు మర్చిపోవడం. ప్రతిసారీ ఏదో ఒక ఫ్లూ. హీటర్ వెలిగిందని పండగ చేసుకున్నావు కదూ? ఒక్క పెగ్గే కదా అనుకున్నావు కదూ?

నువ్వు నాకు అబద్ధం చెప్పినందుకు కాదు నా బాధ. పదకొండు నెలల తర్వాత తండ్రి దగ్గరికి వస్తున్న పిల్ల నిన్ను ఆ స్థితిలో చూస్తుందని. అదికూడా సిగ్నల్ లేని లోయలో, మంచులో. 21లోపు నువ్వు బాగుపడ్డావని నాకు నమ్మకం కలగకపోతే నమ్రతకి నేనే ఫోన్ చేస్తాను. నువ్వు నన్ను జన్మలో క్షమించకపోయినా సరే.

నీళ్లు ఎక్కువ తాగు. సీసా నదిలో పారెయ్.

ప్రసూన


డిసెంబరు 17, 2024

జ్ఞానప్రసూన గారికి,

నేను తాగలేదు. తాగలేదు. ఎన్నిసార్లు రాస్తే నమ్ముతావు?

నువ్వు నమ్రతకి ఫోన్ చేస్తే నా బతుకు అయిపోయినట్టే. ఈ నాలుగు రోజుల కోసమే నేను బతికి ఉన్నాను అక్కా. అది వెళ్లేదాకా నీకు రాయను, నువ్వూ రాయకు.

ఒళ్లు బాగాలేకపోయినా పనులన్నీ చేస్తున్నాను. ఆద్యకి చలిగాలి తగలకుండా పైకప్పుకున్న గాలి కిటికీ కూడా అట్ట పెట్టి టేపు వేసి మూసేశాను. ఇప్పుడు డెబ్భై రెండు డిగ్రీలు నిలబడుతోంది. దాని మంచానికి కొత్త దుప్పటి కొన్నాను, ఊదా రంగుది. ఇవి తాగుబోతు చేసే పనులేనా చెప్పు.

వాల్ట్ ఊరికెళ్తున్నాడు. దీన్ని ఎక్స్‌ప్రెస్‌లో వెయ్యమంటాను, నువ్వు ఫోన్ చేసేలోపు అందాలి.

లక్ష్మీపతి


డిసెంబరు 20, 2024
డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు, గేటు దగ్గర

పతీ,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను, చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. ఈ కాగితం నా చేత్తోనే నీకు ఇస్తాను, నువ్వు చదివి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాలి.

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. కోపంగానే చదివాను. పైకప్పు కిటికీ మూసేశానన్న చోట ఆగిపోయాను. పాత ఉత్తరాలన్నీ తీసి టేబుల్ మీద వరసగా పరిచాను. బయట తిరిగితే తగ్గుతుంది, లోపలికి వస్తే మళ్లీ. హీటర్‌ని కాలితో తన్నితే కూర్చుంది. తిరిగి పెట్టేటప్పుడు పొగగొట్టం మూతిలోంచి జారిపోయింది పతీ. పొగ బయటికి పోవడం లేదు, నీ గదిలోకి వస్తోంది. అందులోని విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. అది తెలుసుకోవడానికే ఆ అలారం. దాని తలకి నేను పంపిన షవర్ క్యాప్ ఉంది. అలాగే ఉంచేశానని నువ్వు నాకు రాశావు కూడా. సంతోషం అని నేను జవాబిచ్చాను.

ఆ పొగ తలకెక్కితే మనిషి తాగినవాడిలాగే తూలతాడు. ఇది నాకు తెలియనిది కాదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు నేనే చెప్తాను. నా తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి నాకు సీసా తప్ప ఇంకేమీ కనపడలేదు.

అక్కడి పోలీసులకి, షెరిఫ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. కారు బయల్దేరింది, దారిలో మంచు ఎక్కువగా ఉందన్నారు. నమ్రతకి చెప్పాను, ఆద్యని తీసుకురావద్దని. ఆవిడ ఏడుస్తోంది. క్యాంప్ ఆఫీసులో ఎవరూ ఎత్తడం లేదు. విమానం ఇంకో నలభై నిమిషాలకి.

తలుపు తెరువు పతీ. ఏదో ఒకటి తోచి, లేచి తలుపు తెరువు. బయటికి రా. చలి వేస్తే వెయ్యనీ.

అక్క


మార్చి 2, 2025
స్పోకేన్

అక్కా,

నమస్కారం. ఎలా ఉన్నావు? బావ ఎలా ఉన్నారు?

నా కొత్త ఇల్లు నువ్వు చూడలేదు కదా. మంచం ఉంది, కిటికీ ఉంది. ఇక్కడివాళ్లు మంచివాళ్లు.

ఒకటే లోటు. హీటర్ వెలగడం లేదు. ఫ్యాన్ తిరుగుతుంది, మంట రాదు. డిసెంబరు 21న ఆద్య వస్తుంది. అరవై ఎనిమిది డిగ్రీలు ఉండాలట. నువ్వు కార్ల హీటర్లు చూస్తావు కదా, ఏం చెయ్యాలో తొందరగా రాయి.

మందు మానేశాను అక్కా.

నీ పతి


మార్చి 8, 2025
ఫార్మింగ్టన్ హిల్స్

పతీ, నాన్నా,

నీ ఉత్తరం అందింది. ఇదే ఉత్తరం నాకు రావడం ఇది ఏడోసారి. నేను రాసిన జవాబు నీకు చదివి వినిపిస్తారట, నువ్వు శ్రద్ధగా తల ఊపుతావట, మర్నాటికి మళ్లీ కాగితం, పెన్ను అడుగుతావట. అయినా ఆపొద్దు, రాస్తూనే ఉండండి అంది అక్కడి నర్సు. ఉత్తరం వచ్చినరోజు నువ్వు అన్నం సరిగ్గా తింటావట.

ప్రతిసారీ చెప్పినట్టే ఈసారి కూడా మొత్తం చెప్తాను. డిసెంబరు 20 సాయంత్రం నువ్వు స్పృహ లేకుండా దొరికావు. షెరిఫ్ మనుషులు తలుపు పగలగొట్టి, నువ్వూ వాల్టూ నడిచే ఆ నది వైపు మోసుకెళ్లారు. ప్రాణం దక్కింది. డాక్టరు నాకు కంప్యూటర్‌లో నీ మెదడు బొమ్మ చూపించి, ఇక్కడా ఇక్కడా ఊపిరి అందలేదు అన్నాడు. కొత్త సంగతులు నిలబడవు, ముఖాలు కూడా పోల్చుకోలేడు అన్నాడు. నీకు నవంబరు దాటి ముందుకు రావడం కుదరడం లేదు.

నీ రక్తంలో చుక్క మందు లేదు. ఆ రిపోర్టు నేను అడిగి తీసుకున్నాను. మడిచి పర్సులో పెట్టుకున్నాను. రోజూ చూస్తాను.

ఆద్య పోయిన నెల వచ్చింది. దానికి పదకొండేళ్లు, గుర్తుపెట్టుకో. నీ మంచం పక్కన రెండు గంటలు కూర్చుంది. ఊదా దుప్పటి నేనే బండిలోంచి తెచ్చి ఇచ్చాను, ఒళ్లో పెట్టుకుంది. నువ్వు దాని చెయ్యి పట్టుకుని, మా ఆద్య 21న వస్తుంది, నువ్వూ ఉండమ్మా, జంతికలు పెడతాను అన్నావు. అది "ఓకే అంకుల్" అంది. ఏడవలేదు. కారెక్కాక ఏడ్చింది. "అత్తా, డాడీ నేను రావాలనే ఫిక్స్ చేశాడు కదా హీటర్?" అని అడిగింది. అవునమ్మా అన్నాను. క్యాప్ సంగతి దానికి నేనింకా చెప్పలేదు. ఒకరోజు చెప్తాను. నమ్రతకి చెప్పాను, మా ఇంట్లోనూ ఒకటుంది వదినా అంది.

మా ఇంట్లో క్యాప్‌లన్నీ పారేశాను. పోపు వేసినప్పుడల్లా అలారం అరుస్తుంది. మీ బావ కుంటుకుంటూ వెళ్లి కిటికీ తెరుస్తారు. ఇద్దరం నించుని వింటాం.

సరే, నీ హీటర్ సంగతి. నువ్వు అడిగావు కదా, చెప్తాను. బ్యాటరీ చూడాలి, గొట్టంలో గూళ్లు చూడాలి, అవన్నీ ఉన్నాయి. కానీ ముందు ఒక పని చెయ్యి. స్టూలెక్కి, సీలింగుకున్న అలారం తలమీద నేను పంపిన క్యాప్ తీసెయ్. తీసి, తీశానని నాకు రాయి. నీ దగ్గరనుంచి ఆ ఒక్క ముక్క వచ్చాకే మిగతావి చెప్తాను.

ఎదురుచూస్తూ ఉంటాను,
ప్రసూనక్క